సిమెంటు దుమ్ము ఎవరి ఖాతాలో?

నేను పరదేశంలో ఉంటాను; విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఫ్లాటులో ఎనిమిదేళ్లుగా ఒకే కుటుంబం అద్దెకు ఉంటోంది. ఉప్పుగాలికి శ్లాబు చువ్వలు తుప్పుపట్టి, వంటగదిలో పెచ్చులు రాలుతున్నాయని ఆ ఇల్లాలు రెండేళ్లపాటు చెప్పగా చెప్పగా, నిరుడు వేసవిలో వారు ఉండగానే ఇల్లు బాగుచేయించాను. పని 24 రోజులు సాగింది. అన్నాళ్లూ వారు పడకగదిలో పొయ్యి పెట్టుకుని వండుకున్నారు, స్నానాలకు పై వాటావారింటికి వెళ్లారు.

ఖర్చు 2,10,000 రూపాయలైంది. 14,000 అద్దెను 20,000 చేయమనీ, ఇష్టం లేకపోతే వారే ఖాళీ చేస్తారనీ బంధువులు సలహా ఇచ్చారు. నాకూ మొదట అది సబబుగానే తోచిందని ఒప్పుకోవాలి.

తీరా లెక్క విడదీస్తే 1,30,000 శ్లాబుకూ, పైపులకూ, వైరింగుకూ పోయింది. అది ఇంటికి చేసిన సింగారం కాదు, నేను వాయిదా వేస్తూ వచ్చిన బాకీ. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం కూడా ఇటువంటి మరమ్మతులను సాధారణంగా యజమాని బాధ్యతగానే చూపుతుంది; అదనపు హంగుల కోసం అద్దె పెంచాలంటే పని మొదలుకాకముందే అద్దెదారుతో రాతపూర్వకంగా ఒప్పుకోవాలంటుంది. మిగిలిన 80,000తో వేయించిన టైల్సూ, వంటగది అరలూ మరో ఎనిమిదేళ్లు మన్నుతాయనుకున్నా నెలకు పడేది సుమారు 830 రూపాయలు. 6,000 ఎక్కడ, 830 ఎక్కడ!

చుట్టుపక్కల అద్దెలు పెరిగాయి కదా అంటారు. పెరిగితే ఒప్పందం గడువు ముగిశాక ఆ మాటే చెప్పి అడగవచ్చు. దానికి మరమ్మతుల ముసుగు దేనికి? పైగా పరదేశంలో ఉండే నాబోటి యజమానులకు ఫోనులో కనిపించేది పూర్తయిన గోడే గాని, బియ్యం డబ్బాలో పడిన సిమెంటు దుమ్ము కాదు. బాత్రూం నేలకు వాలు చాలదని కనిపెట్టి, పరిచిన టైల్స్‌ను మేస్త్రీ చేత పీకించి మళ్లీ వేయించింది అద్దెకున్న ఆయనే. ఆ పనికి మనిషిని పెట్టి ఉంటే నేను జీతం ఇచ్చుకునేవాణ్ణి.

పని జరిగిన నెల అద్దె సగమే తీసుకున్నాను, పెంపు మాట ఎత్తలేదు. తరువాత ఫోనులో అరల ప్రస్తావన వస్తే ఆయన, "ముందు ఒక్క మాట అడిగి ఉంటే, పాత అరలే చాలు, వెనక బాల్కనీకి దోమల తలుపు పెట్టించండి అనేవాళ్లం సార్" అన్నారు.