ఆఖరి వారం లేని బైండు గారికి

మహారాజశ్రీ ‘తులసి’ సీరియల్ బైండు గారి దివ్య సముఖమునకు,

మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద మిమ్మల్ని చూడగానే నా కళ్ళు చెదిరాయి. గోధుమరంగు అట్ట, వెన్ను మీద సిరాతో ‘తులసి - యండమూరి’, లోపల వీక్లీలోంచి కత్తిరించి కుట్టిన కాగితాలు, పాత మైదా జిగురు వాసన. నూటయాభై అంటే వందకి బేరమాడి, గెలిచానని మురిసిపోయాను. బెండకాయలు కొనేటప్పుడు కూడా తోక విరిచి చూస్తానే, మీ తోక మాత్రం చూసుకోలేదు.

‘తులసిదళం’ ఇంటర్‌లో ఉండగా అద్దె పుస్తకాల షాపులో తెచ్చి చదివాను. దాని తరువాయి ‘తులసి’ మాత్రం ఎప్పుడు అడిగినా “బయటికెళ్ళింది బాబూ” అనేవాడు. ఇన్నేళ్ళకి దొరికారు మీరు. భోజనం చేసి మధ్యాహ్నం ఒంటిగంటకి పట్టుకుంటే, పెట్టిన కాఫీ మీగడ కట్టింది.

అబద్ధమెందుకు, అద్భుతంగా ఉన్నారు. మొదటి నవలలో పాప పేరున ఆస్తి, దాని మీద కన్నేసినవాళ్ళు, చేతబడి. పాపకి వచ్చింది జబ్బా, ప్రయోగమా అని పాఠకుణ్ణి రెండు గుమ్మాల మధ్య నిలబెట్టి ఊపిరాడనివ్వరు యండమూరి. ‘తులసి’లో ఆ మొహమాటం తక్కువ. ఏకంగా కాష్మోరా అనే క్షుద్రశక్తినే నిద్ర లేపేశారు. రచయిత చార్టర్డ్ అకౌంటెంట్ కదా, క్షుద్రశక్తి దగ్గర కూడా లెక్క పక్కాగా ఉంటుంది. లేపావా, బాకీ ఎవరో ఒకరు తీర్చాల్సిందే. ఇలాంటివి క్షుద్ర సాహిత్యమని రంగనాయకమ్మ గారు ఏకంగా పుస్తకమే రాశారు. ఆవిడ కోపంలో న్యాయం లేదని నేననను. కానీ నా కోపం వేరు.

బైండు చేసినవాడు అంచులు సమానంగా రావాలని ప్రతి పేజీలో అడుగు లైను కోసేశాడు, ఊహించుకున్నాను. ఒక వారం తలకిందులుగా కుట్టాడు, మెడ తిప్పుకున్నాను. కానీ అండీ, ఆ ఎర్ర సున్నా?

నాలుగో వారంలోనే ఒక పాత్ర పేరు చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా. పక్కన గుండ్రటి చేతిరాత: “వీడి మీదే నా అనుమానం.” రెండు వారాల తర్వాత, “చెప్పానా!” ఇంకో మూడు వారాలకి ఆ రాతే కొంచెం వణికి, “కాదేమో?” ఎవరో ఒకావిడ అయ్యుంటుంది. వారం వారం పోస్టు కోసమో, పేపరబ్బాయి కోసమో గుమ్మంలో నిలబడి, పొయ్యి మీద పప్పు మాడినా పట్టించుకోకుండా చదివి, తీర్పు రాసి పెట్టింది. కథ కంటే ఆవిడ లెక్క తేలుతుందా లేదా అన్న టెన్షనే ఎక్కువైంది నాకు. సాయంత్రం ఆరింటికి ఆఖరి మలుపు తిరిగాను.

పేజీ లేదు.

కుట్టు దగ్గర వేలెడు కాగితం పీలిక. లైనుకో అక్షరం మిగిలింది. ‘తు’ అట, ‘కా’ అట, ‘ని’ అట. ఏం చేసుకోను వీటితో? అంత్యాక్షరి ఆడుకోనా? ఆ పీలిక మీద ఎర్ర ఇంకు చుక్క ఒకటుంది. అంటే ఆవిడ చివర్లో కూడా ఏదో రాసింది! అదే చించావు కదూ? అయిదు గంటలు నా ఒళ్ళో కూర్చుని, నా ఆదివారం మొత్తం తిని, సిగ్గు లేకుండా ఎలా తెరుచుకున్నావు? ఆఖరి వారం వెనకవైపు ఏముందని చింపారు నిన్ను, వంకాయ పచ్చడా, వారఫలాలా?

“1986లో ‘కాష్మోరా’ అని సినిమా వచ్చిందిగా, అది చూసెయ్యండి” అంది మా ఆవిడ. సినిమాలో ఎర్ర సున్నా ఉంటుందా?

సరే, కొత్త కాపీ ఆర్డర్ పెట్టాను. గురువారం వస్తుందట. తెల్లటి కాగితం, అన్ని పేజీలూ ఉంటాయి, ఎవరి అనుమానాలూ ఉండవు. ముందు ఆఖరి అధ్యాయం చదివి, నాలుగో వారంలో ఆవిడ రాత కింద పెన్సిలుతో జవాబు రాస్తాను. ఆ ఆఖరి పేజీలు జిరాక్స్ తీయించి నీ పీలికకి అంటిస్తాను కూడా, మైదా ఉడికించి. అంతవరకు బీరువా మీద పడుండు.

రాత్రిపూట మాత్రం కదలకు.

ఇట్లు,
వంద రూపాయలు, ఒక ఆదివారం సమర్పించుకున్న
మీ పాఠకుడు