స్పైడర్ చార్టు గారికి, ఒక ఎక్సెల్ బాధితుడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన స్పైడర్ చార్టు గారికి,

గౌరవం ఈ ఒక్క లైను వరకే. ఇక్కణ్ణుంచి నువ్వు అనే అంటా, ఏమనుకోకు, ఇన్ని ప్రెజెంటేషన్లలో ఇద్దరం కలిసి చెమటలు కక్కాం కాబట్టి ఆ మాత్రం చనువు ఉంది.

నిన్ను ఎరగని అదృష్టవంతుల కోసం ఒక్క ముక్క: మధ్యలోంచి అంశానికి ఒకటి చొప్పున బయటికి గీతలు, ఒక్కో గీత మీద మార్కుని బట్టి ఒక చుక్క, ఆ చుక్కల్ని కలిపితే వచ్చే సాలెగూడు బొమ్మవి నువ్వు. ముందు నీ పేరు సంగతి తేల్చు. ఒకరు స్పైడర్ అంటారు, ఒకరు రాడార్ అంటారు, ఒకరు స్టార్ ప్లాట్ అంటారు, కంప్యూటర్ల పనితీరు కొలిచే పాతకాలం వాళ్ళు కివియట్ అని కూడా అనేవాళ్ళు. ఎక్సెల్‌లో నీకోసం స్పైడర్ అని వెతికిన కొత్త పిల్లాడు పాపం మెనూలన్నీ తిరిగొచ్చి అక్కడ అలాంటిదేం లేదండి అంటాడు, ఎందుకంటే అక్కడ నువ్వు రాడార్ పేరుతో కాపురం ఉంటున్నావు. ఇన్ని మారుపేర్లు మామూలుగా అప్పులు ఎగ్గొట్టేవాళ్ళకే ఉంటాయి. నువ్వేమో 1877లోనే గియోర్గ్ ఫాన్ మాయర్ అనే జర్మన్ గణాంకాల పెద్దాయన పుస్తకంలోకి ఎక్కినదానివి, వంశం మంచిదే, బుద్ధి ఎక్కడ పాడైందో తెలీదు.

సరే అసలు విషయం. మా ఆఫీసులో కస్టమర్ సపోర్టుకి ఒక సాఫ్ట్‌వేర్ కొనాలి, ముగ్గురు వెండర్లు వచ్చారు, డెమోలు ఇచ్చారు, ఆ ముగ్గుర్నీ పోల్చి ఒక్క స్లైడులో పెట్టే పని నా నెత్తిన పడింది. ధర, ఫీచర్లు, సపోర్టు, సెక్యూరిటీ, ట్రైనింగు, రేపు మనం పెద్దయితే తట్టుకుంటుందా లేదా, ఇలా ఆరు అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు. ఆ మార్కులు ఎలా వేశామో మాత్రం అడక్కు. ఒక వెండర్‌కి సపోర్టులో 5 ఎందుకు వేశారు సార్ అంటే "ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తాడయ్యా" అన్నారు మా మేనేజర్ గారు. ఆ రెండో రింగు నీ దగ్గరికి వచ్చేసరికి నీలం రంగు గీతై, చుక్కలు పెట్టుకుని, శాస్త్రం అయి కూర్చుంది.

మొదటి డ్రాఫ్టులోనే నువ్వు నా పరువు తీశావు. ధర కాలమ్‌లో ఎక్కువ రేటుకి ఎక్కువ అంకె ఉంది, అది తిప్పి వెయ్యాలని నాకు తట్టలేదు, దాంతో అందరికంటే ఖరీదైనవాడు ధర గీత మీద అందరికంటే బయటికి పొడుచుకొచ్చాడు. మీటింగులో ఒకాయన కళ్ళజోడు సర్దుకుని "రేటు విషయంలో కూడా వీళ్ళే ముందున్నారే" అన్నాడు. ముందున్నారు సార్, నిజమే. నువ్వు నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు.

మార్కులు సరిచేశాక లెక్క ఇలా తేలింది. మొదటోడికి అన్నిట్లో 3, ఎందులోనూ గొప్ప లేదు, ఎందులోనూ చెడ్డా లేదు. రెండోడికి ధర 5 (ఇప్పుడు 5 అంటే చవక), ఫీచర్లు 1, సపోర్టు 5, సెక్యూరిటీ 1, ట్రైనింగు 5, ఆఖరిది 1. మూడోడికి అన్నిట్లో 2. మొదటోడికీ రెండోడికీ టోటల్ 18, సమానం. కానీ మేనేజర్ గారి మనసు ఎప్పుడో రెండోడి మీద పడిపోయింది (రెండో రింగు వీడిదే), నీ బొమ్మలో చూస్తే వాడు ముళ్ళకంపలా బక్కగా ఉన్నాడు, మొదటోడు మాత్రం నిండుగా ఉన్నాడు. సార్ కాసేపు చూసి "వీడేంటి ఇలా చిక్కిపోయాడు, ఆ గీతలు కొంచెం అటూ ఇటూ జరిపి చూడు" అన్నారు.

జరిపా. ధర, సపోర్టు, ట్రైనింగు మూడూ పక్కపక్కన పెట్టా, మిగతా మూడూ ఇంకో వైపుకి తోశా. ఒక్క మార్కు ముట్టుకోలేదు, ఒట్టు. వాడికి ఒళ్ళొచ్చింది!

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేశా. నీ బొమ్మ వైశాల్యం అంటే పక్కపక్క మార్కుల్ని గుణించి కలపడమే, దాని పక్కనుండే గుణకం అందరికీ ఒకటే కాబట్టి అది వదిలేయొచ్చు. మొదటోడికి తొమ్మిది ఆరుసార్లు, 54, వాడి గీతలు ఎటు తిప్పినా అంతే. రెండోడికి పాత వరసలో అయిదు ఆరుసార్లు, 30. కొత్త వరసలో 25, 25, 5, 1, 1, 5, మొత్తం 62. అంటే పొద్దున మొదటోడి కంటే చిన్నగా ఉన్నోడు భోజనాల టైముకి మొదటోడి కంటే పెద్దోడైపోయాడు, వాడి మార్కులు మాత్రం పొద్దున ఎన్నో ఇప్పుడూ అన్నే. మూడోడి సంగతి ఇంకా ఘోరం, మొదటోడితో పోలిస్తే మార్కుల్లో 12కి 18, ఒకటిన్నర రెట్లే తేడా, నీ బొమ్మలో 24కి 54, రెండుంపావు రెట్లు. పైగా "మధ్యలో ఖాళీ దండగ" అని ఎవరో యాక్సిస్ మినిమమ్ 2 పెట్టారు, అంటే గీతలు మధ్యలో సున్నా నుంచి కాక 2 నుంచి మొదలవుతాయి, దాంతో వాడు కేంద్రంలో చుక్కై మాయమైపోయాడు. మనిషి డెమో ఇవ్వడానికి అంత దూరం నుంచి వచ్చి వెళ్ళాడు తల్లీ, నీ దగ్గర వాడు పుట్టనే లేదు.

ఇంకోటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. ధర గీత మీద చుక్క నుంచి ట్రైనింగు గీత మీద చుక్కకి ఒక లైను లాగుతావు కదా, ఆ లైను మధ్యలో ఉన్న చోటుకి అర్థం ఏంటి? సగం ధర, సగం ట్రైనింగా? అక్కడ ఏమీ లేదని నీకూ తెలుసు నాకూ తెలుసు. అయినా దానికి రంగు కూడా నింపమంటావు, నింపితే మీద వేసినోడు కింద ఉన్నోణ్ణి మింగేస్తాడు, పోనీ పారదర్శకంగా పెడదామంటే మూడు రంగులు కలిసి బురద. సెక్యూరిటీ పోతే కంపెనీయే పోతుంది, ట్రైనింగు పోతే రెండ్రోజులు తిట్టుకుంటాం, నీకు మాత్రం రెండూ ఒకే పొడుగు పుల్లలు.

1984లో విలియం క్లీవ్‌ల్యాండ్, రాబర్ట్ మెక్‌గిల్ అని ఇద్దరు, జనం బొమ్మల్లోంచి అంకెల్ని ఎంత కరెక్టుగా చదువుతారో ప్రయోగాలు చేసి చూశారు. ఒకే స్కేలు మీద పక్కపక్కన పెడితే బాగా చదువుతారు, వైశాల్యం దగ్గరికొచ్చేసరికి తడబడతారు అని తేలింది. ఇదే చెప్పి బార్ చార్టు పెడదాం సార్ అన్నా. "బార్ చార్టు మరీ స్కూలు పిల్లల ప్రాజెక్టులా ఉంటుందయ్యా, ఇది చూడు, ఎంత రిచ్‌గా ఉందో" అన్నారు. పైన పటారం లోన లొటారం అని పెద్దవాళ్ళు నిన్ను చూడకుండానే ఎలా అన్నారో!

నీలో మంచేం లేదని కాదులే. ఒకే వస్తువు నిరుడు ఎలా ఉంది ఇప్పుడు ఎలా ఉంది, ఎక్కడ సొట్ట పడింది అని చూడాలంటే, గీతలు అయిదారు మించకపోతే, వరస మార్చకపోతే, పనికొస్తావు. అలా నిన్ను వాడినోణ్ణి మా ఆఫీసులో నేనైతే చూళ్ళేదు.

రెండోణ్ణే కొన్నాం. సెక్యూరిటీ 1 అని స్లైడులో ఉంది, సపోర్టుకీ ట్రైనింగుకీ అవతల, అటువైపు ఎవరి చూపూ పోలేదు.

పోయిన వారం నా అప్రైజల్, అంటే నా పనికి ఆఫీసు వేసిన మార్కుల కాగితం, వచ్చింది. తెరిచి చూస్తే నువ్వు! ఎనిమిది గీతలు, వాటి మధ్య నేను. నాలుగింట్లో నిండు మార్కులే, కానీ ఒకటి విడిచి ఒకటి పడ్డాయి, మధ్యలో కమ్యూనికేషన్, లీడర్‌షిప్ లాంటివి లోపలికి గుంజుకుపోయి, గాలికి తిరగబడ్డ గొడుగులా ఉన్నా. పక్క సీటు ఆయన మార్కులు కనుక్కున్నా, టోటల్ నాదే ఒకటి ఎక్కువ. బొమ్మలో ఆయన పౌర్ణమి చంద్రుడు. హెచ్ఆర్ మేడమ్ దగ్గరికెళ్ళి, మేడమ్ మీరేమీ మార్చక్కర్లేదు, ఆ గీతల వరస ఒక్కటి కొంచెం అటూ ఇటూ జరిపితే చాలు అని బతిమాలా. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి "అది టెంప్లేట్ అండి, ముట్టుకోకూడదు. అయినా వరస మారిస్తే మార్కులు మారిపోతాయా ఏంటి?" అంది.

ఇట్లు,
తిరగబడ్డ గొడుగు