లేసు అల్లే పిన్ని, పార్ట్‌నర్ తమ్ముడు

మా పిన్నిది నరసాపురం పక్క పల్లెటూరు. పెళ్లయిన దగ్గర్నుంచీ లేసు అల్లుతూనే ఉంది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, మళ్లీ వచ్చి అల్లినవి పట్టుకెళ్తాడు, పీసుకింత అని లెక్కగట్టి డబ్బులిస్తాడు. అది ఏ దేశం వెళ్తుందో, అక్కడ ఎంతకి అమ్ముడుపోతుందో ఆవిడకి ఇప్పటికీ తెలీదు. ఏ కాగితంలోనైనా వృత్తి అడిగితే మాత్రం ‘గృహిణి’ అని రాయిస్తుంది.

ఆవిడ కొడుకు భీమవరంలో ఫుడ్ డెలివరీ చేస్తాడు. బండి వాడిదే, పెట్రోలు వాడిదే, ఫోనూ వాడిదే. ఆర్డరుకింత. కంపెనీ వాణ్ణి ఉద్యోగి అనదు, ‘పార్ట్‌నర్’ అంటుంది. మా వైపు చేపల చెరువులో చిన్న వాటా ఉన్నవాడైనా పట్టుబడి రోజున కాటా దగ్గర నిలబడి లెక్క అడుగుతాడు. ఈ పార్ట్‌నర్‌కి ఆ కాటా ఎక్కడుందో కూడా తెలీదు.

యాప్‌లొచ్చి పని స్వరూపమే మారిపోయిందంటారు గానీ, పీసు రేటు, కనబడని యజమాని, కూలీ అనిపించుకోని కూలీ, ఇవన్నీ 19వ శతాబ్దంలో మిషనరీలు లేసు నేర్పిన కాలం నుంచీ డెల్టాకి అలవాటే. కొత్తగా వచ్చిందల్లా, అడగడానికి మనిషి లేకపోవడం. ‘ఈ డిజైనుకి కళ్లు పోతున్నాయి, ఇంకో పది రూపాయలు వెయ్యి బాబూ’ అని పిన్ని గుమ్మంలోనే తగువు పెట్టుకునేది, ఒక్కోసారి గెలిచేది కూడా. మొన్న వానలో ఆర్డరు లేటయిందని తమ్ముడి ఐడీ బ్లాకైతే, చాట్‌లో ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు. పిన్ని అడిగింది, ‘వాళ్ల ఏజెంటు ఇల్లెక్కడరా, నేనెళ్లి మాట్లాడతాను’ అని.

ప్రైవేటు యాప్‌లనే అనడం ఎందుకు, కాలవ పూడికతీతకెళ్లిన ఉపాధి హామీ కూలీలకీ 2023 జనవరి నుంచి యాప్‌లో రోజుకి రెండు ఫొటోలతో హాజరు తప్పనిసరి చేశారు. సిగ్నల్ పోతే ఆ ఫొటోలు ఎక్కించే మేటు మాత్రం ఏం చేస్తాడు?

2021 నాటికే దేశంలో గిగ్ వర్కర్లు, అంటే మా తమ్ముడిలా జీతం లేకుండా పనికింత అని చేసేవాళ్లు, 77 లక్షలని నీతి ఆయోగ్ లెక్కేసింది. 2020 సామాజిక భద్రతా కోడ్ వీళ్లని తొలిసారి చట్టంలోకి తెచ్చింది, అది అమల్లోకి రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. కంపెనీలు టర్నోవరులో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి కట్టాలి. మంచిదే, ప్రమాదం జరిగితే పనికొస్తుంది. కానీ ఐడీ ఆగిపోయిన రాత్రి ఆ నిధి ఏం చెయ్యగలదు? కర్ణాటక 2025లో తెచ్చిన చట్టంలో, తీసేసే ముందు కారణం చెప్పి 14 రోజుల నోటీసు ఇవ్వాలని ఉంది. మా తమ్ముడికి ముందు కావాల్సింది అది. రేటు ఎలా కడుతున్నారో చెప్పడం, ఫోనెత్తే మనిషి ఒకడు ఉండడం ఆ తర్వాత.