తుపాకీ దుకాణానికి తాళం వేయించని చట్టం

అమెరికాలో లైసెన్సున్న తుపాకీ దుకాణంలో దొంగతనం చేస్తే ఫెడరల్ చట్టం ప్రకారం గరిష్ఠ శిక్ష 10 ఏళ్లు. దాన్ని 20కి పెంచాలని, తలుపులు పగలగొట్టి ఎత్తుకెళితే కనీసం 3 ఏళ్లు, బెదిరించి దోచుకుంటే కనీసం 5 ఏళ్లు జైలు ఉండాలని సెనేటర్ లిండ్సే గ్రాహం లాంటివారు ఏళ్ల తరబడి బిల్లు పెడుతూనే ఉన్నారు. ఈ బిల్లుతో ఒక్క తుపాకీ కూడా దొంగ చేతికి చిక్కకుండా ఆగదు.

రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు తుపాకులను సేఫ్‌లో పెట్టి తాళం వేయాలని చెప్పే ఫెడరల్ నిబంధనే అక్కడ లేదు. అద్దాల అరల్లో వాటిని అలాగే వదిలేసి యజమాని ఇంటికి వెళ్లిపోవచ్చు. దొంగలు కారుతో తలుపును గుద్ది, నిమిషాల్లో సంచులు నింపుకుని పోతారు. చోరీ సంగతి తెలిసిన 48 గంటల్లో తుపాకుల అమ్మకాలను పర్యవేక్షించే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ అధికారులకు చెప్పాలన్న రూల్ ఉంది, నిజమే. కానీ ఏడాదికోసారి సరుకు లెక్క చూసుకోమని దుకాణదారును ఆదేశించే వీల్లేకుండా 2003 నాటి టీహార్ట్ సవరణ అనే చట్ట నిబంధన ఏటీఎఫ్ చేతులు కట్టేసింది. లెక్కే చూడనివాడికి పోయిందని ఎప్పుడు తెలుస్తుంది? ఇల్లినాయ్ రాష్ట్రం 2019లోనే దుకాణాలకు భద్రతా నిబంధనలు పెట్టింది. మిగతా దేశానికి అడ్డేమిటి?

కఠిన శిక్ష భయం పుట్టిస్తుందని బిల్లును సమర్థించేవారి వాదన. దోపిడీకి గురైన దుకాణదారు కోపం నాకు అర్థమవుతుంది. అయితే అద్దం పగలగొట్టే కుర్రాడు పదేళ్లా, ఇరవై ఏళ్లా అని లెక్క వేసుకోడు. దొరకననే ధైర్యంతోనే వస్తాడు.

పైగా 2017 నుంచి 2021 వరకు చోరీ అయినట్టు నమోదైన 10 లక్షలకు పైగా తుపాకుల్లో దాదాపు 96 శాతం పోయింది మామూలు పౌరుల దగ్గర నుంచి. వాటి గురించి ఈ బిల్లులో ఒక్క మాటా లేదు. రాత్రి షిఫ్టులో గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక నిలబడే మన తెలుగు విద్యార్థికి ఎదురయ్యే తుపాకీ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు? ఇక్కడ తల్లిదండ్రులు ఫోన్ మోగితే టెన్షన్ పడుతున్నది అందుకే.

శిక్ష పెంచడం నాయకులకు ఎక్కడైనా తేలికైన పనే. హైదరాబాద్ శివారులో యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన ఘోరం తర్వాత 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ అత్యాచార కేసుల్లో 21 పనిదినాల్లో దర్యాప్తు, విచారణ పూర్తి, ఉరిశిక్ష అంటూ దిశ బిల్లు ఆమోదించింది. చప్పట్లు మోగాయి. రాష్ట్రపతి ఆమోదం మాత్రం రాలేదు, అది చట్టం కాలేదు. దర్యాప్తు అధికారి మీద పడే కేసుల భారం గురించి అంత ఆవేశంగా మాట్లాడే ఎమ్మెల్యేను నేనింకా చూడలేదు.

కొట్టు మూసేలోపు ప్రతి తుపాకీ సేఫ్‌లోకి చేరాలి, ఏటా సరుకు లెక్క తేలాలి. గ్రాహం తన బిల్లులో ఈ రెండూ చేర్చాలి. ఆ తర్వాత ఇరవై ఏళ్ల సంగతి మాట్లాడుకోవచ్చు.