ఎఫ్ఎం బాబులూ, మీకో దండం

ఇప్పుడే ఇంటికొచ్చా. అన్నం కూడా తినకుండా ఇది టైప్ చేస్తున్నా. తినేస్తే కోపం చల్లారిపోతుందని భయం.

సాయంత్రం వాన సంగతి హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఖైరతాబాద్ ఫ్లైఓవర్ ఎక్కాను, అంతే. ముందుకు లేదు, వెనక్కి లేదు. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది, దాంతో మ్యాపులూ పోయాయి. సరే, కార్లో రేడియో అనేదొకటి ఏడ్చింది కదా అని ఆన్ చేశా. అదృష్టం బాగుండి సరిగ్గా ట్రాఫిక్ అప్‌డేట్ టైమే. "ఈ ట్రాఫిక్ అప్‌డేట్ మీకు సమర్పిస్తున్నవారు" అని మొదలుపెట్టారు. శంకర్‌పల్లి వైపు విల్లా ప్లాట్లు. గజం ఎంత, లోను ఎవరిస్తారు, ఎయిర్‌పోర్టుకు ఎన్ని నిమిషాలు, క్లబ్ హౌస్‌లో ఏమేం ఉంటాయి, అన్నీ విపులంగా చెప్పారు. ఆ తర్వాత అసలు అప్‌డేట్: "సిటీలో కొన్ని చోట్ల ట్రాఫిక్ కొంచెం స్లోగా ఉంది గైస్, సో టెన్షన్ పడకుండా చిల్ అవ్వండి." అయిపోయింది!

ఆ కొన్ని చోట్లు ఏవి తల్లీ? రాజ్‌భవన్ రోడ్డులో నీళ్ళు నిలిచాయా లేదా? నేను పంజాగుట్ట వైపు పోవాలా, లక్డీకాపూల్ వైపు తిరగాలా? పక్కన ఆటోలో ఒకావిడ చంటిపిల్లకి చున్నీ కప్పి, తాను తడుస్తూ కూర్చుంది. ఆవిడ అప్పటికే కావలసినంత చిల్ అయ్యింది, మీరు కొత్తగా చెప్పక్కర్లేదు.

తర్వాత పాట. పొద్దున ఆఫీసుకు వెళ్తూ విన్న పాటే. అది అవగానే ప్రాంక్ కాల్. పాపం ఎవరో టైలర్‌కి ఫోన్ చేసి, నువ్వు కుట్టిన జాకెట్ వల్ల మా అక్క పెళ్ళి చెడిపోయిందని బెదిరించడం. ఆయన "లేదమ్మా, కొలతలు మీరిచ్చినవేనమ్మా" అని బతిమాలుకుంటుంటే వెనకాల రికార్డు చేసిన నవ్వులు. ఊరంతా నీళ్ళలో ఉంటే వీళ్ళకి ఒక టైలర్‌ని ఏడిపించడానికి టైముంది.

ఇక్కడ నాకు నిజంగా మండేది ఏంటంటే, వీళ్ళ చేతులు ఎవరూ కట్టెయ్యలేదు. ప్రైవేటు ఎఫ్ఎంలో సొంత వార్తలు చదవకూడదన్నది నిజమే. ప్రపంచంలో అతిపెద్ద ప్రజాస్వామ్యంలో సినిమా హీరో పెళ్ళి గురించి గంట మాట్లాడొచ్చు, మున్సిపాలిటీ గురించి వార్త చదివితే మాత్రం నేరం. ఆ దిక్కుమాలిన రూలు గురించి ఇంకోసారి తిడతా. కానీ 2011లో ప్రైవేటు ఎఫ్ఎం లైసెన్సులకి మూడో దశ విధానం తెచ్చినప్పుడు ప్రభుత్వమే ఒక జాబితా ఇచ్చింది. ట్రాఫిక్, వాతావరణం, కరెంటు కోతలు, మంచినీళ్ళ సరఫరా, ప్రకృతి విపత్తుల హెచ్చరికలు, పరీక్షా ఫలితాలు, ఉద్యోగావకాశాలు, ఇవేవీ వార్తల కిందికి రావు, మీరు హాయిగా చెప్పుకోవచ్చు అంది. అంటే ఇవాళ సాయంత్రం నాకు కావలసిందల్లా చెప్పడానికి వాళ్ళకి పర్మిషన్ ఉంది. చెప్పలేదు. ఎందుకు చెప్తారు, దానికి రోడ్డు మీద ఒక మనిషిని పెట్టాలి, వాడికి జీతమివ్వాలి.

అసలు ఆ తరంగాలు ఎవరి సొత్తు? 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని. హీరో కప్ క్రికెట్ ప్రసారాల గొడవలో వచ్చిన తీర్పు అది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు కూడా ఉన్నారు. ప్రజల ఆస్తి, ప్రభుత్వం గుత్తాధిపత్యం చెల్లదు అన్నారు. మంచిదే. ప్రభుత్వం చేతిలోంచి తీసి ఎవరి చేతిలో పెట్టారో చూడండి మరి.

1999లో మొదటి దశ. 40 నగరాల్లో 108 ఫ్రీక్వెన్సీలు వేలానికి పెట్టారు. మనవాళ్ళకి వేలం పాట అంటే పూనకమేగా! ఎగబడి పాడారు. లైసెన్సు ఫీజేమో ఏడాదికి 15 శాతం చొప్పున పెరుగుతూ పోతుంది. పాడినవాళ్ళలో చాలామంది మధ్యలోనే జారుకున్నారు, చివరికి గాలిలోకి వచ్చినవి పాతిక స్టేషన్లు కూడా లేవు. 2001 జూలైలో బెంగళూరులో రేడియో సిటీ మొదలైంది, అదే దేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్ఎం. అదే ఏడాది టైమ్స్ వాళ్ళ రేడియో మిర్చి ఇండోర్‌లో మొదలైంది. ఇండోర్‌కి వచ్చింది, హైదరాబాద్‌కి రాలేదు. హైటెక్ సిటీ కట్టాం, క్లింటన్ వచ్చాడు, బిల్ గేట్స్ వచ్చాడు, ఎఫ్ఎం మాత్రం 2006 దాకా రాలేదు. 2005లో ఫీజు పద్ధతి మార్చి, ఆదాయంలో 4 శాతం ఇస్తే చాలన్నాక గానీ సేట్లు మనవైపు చూడలేదు.

ఆ 2006 మాత్రం గుర్తుందండీ. 91.1, 92.7, 93.5, 98.3, స్టేషన్లు వరసపెట్టి దిగాయి. ప్రతి ఆటో వెనకా స్టిక్కరే. మిర్చి వాళ్ళ "ఇది చాలా హాట్ గురూ" అనే మాట చిన్నపిల్లలు కూడా అనేవాళ్ళు. అమీర్‌పేటలో మా హాస్టల్ గదిలో ముగ్గురం ఒకే ఇయర్‌ఫోన్ కోసం కొట్టుకునేవాళ్ళం. రాత్రిపూట ఆర్జేలు మనతో మాట్లాడుతున్నట్టే ఉండేది. అప్పటి ఆర్జేలకి పుస్తకాలు చదివే అలవాటుండేది, లేదా ఉన్నట్టు బాగా నటించేవాళ్ళు. రెండూ నాకు ఓకే.

తర్వాత ఏమైంది? పాటల లిస్టు ఎక్కడో ఏసీ గదిలో కంప్యూటర్ తయారు చేయడం మొదలైంది. సర్వే చేస్తారట, ఏ పాటకి జనం స్టేషన్ మారుస్తున్నారో చూస్తారట, మారిస్తే ఆ పాట తీసేస్తారట. అలా తీసేసి తీసేసి చివరికి గుప్పెడు పాటలు మిగిల్చారు. వాటినే పొద్దున్నుంచి రాత్రి దాకా తిప్పుతారు. పాటలకి రాయల్టీ ఎక్కువైపోయింది, బతకలేకపోతున్నాం అని ఏళ్ళ తరబడి ఏడ్చారు కదా, 2010లో కాపీరైట్ బోర్డు ప్రకటనల నికర ఆదాయంలో 2 శాతం ఇస్తే చాలంది. సంతోషం. మరి ఆ మిగిలిన డబ్బుతో ఒక్క పాత పాట వెయ్యొచ్చుగా?

చరిత్రలో ఇంకో మహానుభావుడు ఉండేవాడు, డాక్టర్ బి.వి. కేస్కర్. 1952లో సమాచార శాఖ మంత్రి అయ్యాక, సినిమా పాటలు జాతి అభిరుచిని పాడు చేస్తున్నాయని ఆకాశవాణిలో వాటిని తగ్గించి పారేశారు. జనం ఊరుకున్నారా? సూది రేడియో సిలోన్ వైపు తిప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం పెట్టిన ట్రాన్స్‌మిటర్ కొలంబోలో ఉంది, అందులోంచి మన పాటలు మనకే వినిపించి వాళ్ళు డబ్బు చేసుకున్నారు. ఆ 1952 డిసెంబరులోనే అమీన్ సయానీ గొంతులో హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా. ఒక టూత్‌పేస్టు కంపెనీ దేశం మొత్తాన్ని బుధవారం రాత్రి రేడియో ముందు కూర్చోబెట్టింది. సిలోన్‌లో తెలుగు పాటలు కూడా వచ్చేవి, మీనాక్షి పొన్నుదురై గారి గొంతు గురించి మా పెదనాన్న ఇప్పటికీ చెప్తాడు. ఢిల్లీకి బుద్ధొచ్చి ఆకాశవాణిలో పాటల కోసం వివిధ భారతి పెట్టేసరికి 1957 అక్టోబరు. వ్యాపార ప్రకటనలు వేసుకోవచ్చని ఒప్పుకునేసరికి 1967.

కేస్కర్ గారిని ఇప్పటికీ తిడతాం. కానీ ఆయన సినిమా పాట వద్దన్నాడు, వీళ్ళు ఈ ఏడాది రాని సినిమా పాట ఏదైనా వద్దంటున్నారు. ఆయన కనీసం అభిరుచి పేరు చెప్పాడు.

నా అసలు మంట చెప్తా వినండి. మొదట్లో ఒక స్టేషన్ వాళ్ళు, పేరొద్దులెండి, పాట అడగండి, ఫోన్ చేయండి అని ఊదరగొట్టేవాళ్ళు. అమ్మ పుట్టినరోజు. నేను ఇక్కడ, అమ్మ నాతో ఉండటానికి ఊరి నుంచి వచ్చింది. ఘంటసాల పాట ఒకటి వేయించి ఆశ్చర్యపరుద్దామని ఎప్పుడూ ఎంగేజ్ వచ్చే ఆ నంబరుకి పట్టువదలకుండా కొట్టా. దొరికింది. ఆ అమ్మాయి చాలా మర్యాదగా, "సర్, ఆ టైప్ సాంగ్స్ మేం ప్లే చెయ్యం సర్, మా లిజనర్స్ యూత్ సర్" అంది. వేరే పాట చెప్పమంది. నేను చెప్పకముందే తనే ఒకటి చెప్పింది, "ఇది అడిగినట్టు మాట్లాడతారా సర్, రికార్డ్ చేసుకుంటాం" అని. అర్థమైందా? అడిగేది కూడా వాళ్ళే, వేసేది కూడా వాళ్ళే, మనం మధ్యలో గొంతు అద్దెకివ్వాలి. అమ్మ వంటింట్లోంచి "ఎవర్రా ఫోన్లో" అంది. ఆఫీసు వాళ్ళమ్మా అన్నాను.

ఒంగోలులో మా తాత రేడియోకి లైసెన్సు పుస్తకం ఉండేది. రేడియో వినడానికి పోస్టాఫీసుకెళ్ళి డబ్బు కట్టి, స్టాంపులు అతికించుకుని రావాలి. ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు. కానీ డబ్బు కట్టించుకున్న ఆ సర్కారీ రేడియోకి ఒక సిగ్గుండేది. శ్రోతలు కోరిన పాటలు వేసే జనరంజనిలో పాటకి ముందు పేర్లు చదివేవాళ్ళు కదా. చీరాల నుంచి, పొదిలి నుంచి, కందుకూరు నుంచి, ఫలానా వారు, వారి మిత్రబృందం అని. పాట కంటే పేర్ల పట్టికే పొడుగు. కార్డు ముక్క మీద రాసిన ప్రతివాడి పేరూ చదివేవాళ్ళు. ఏ యూత్ సర్వే చేశారు వాళ్ళు?

ఒంగోలు అన్నాను కాబట్టి అదీ కడిగేస్తా. ఇన్నేళ్ళలో ప్రైవేటు ఎఫ్ఎం అంటే మన రెండు రాష్ట్రాల్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖ, తర్వాత తిరుపతి, రాజమండ్రి, వరంగల్ లాంటి కొన్ని ఊళ్ళే. మిగతా ఊళ్ళలో చెవులున్నవాళ్ళు లేరు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 చానళ్ళకి వేలం ఆమోదించింది. ఒంగోలు ఉంది, కర్నూలు ఉంది, కాకినాడ, ఖమ్మం, కరీంనగర్, నిజామాబాద్ ఉన్నాయి. మాతృభాషలో స్థానిక కార్యక్రమాలు వస్తాయన్నారు. చదివి నవ్వుకున్నా. ఎందుకంటే ఇదే ప్రభుత్వ విధానం ఎవరి నెట్‌వర్క్‌లో వాళ్ళు ఒకే ప్రోగ్రాం దేశమంతా పంచుకోవచ్చని ఎప్పుడో ఒప్పేసుకుంది. అంటే ఒంగోలులో ఒక టవరు, ఒక తాళం, ఒక వాచ్‌మన్. మాటలు హైదరాబాద్ నుంచి. ఒంగోలు కర్నూలు రోడ్డులో ఏమైందో బంజారాహిల్స్‌లో కూర్చున్నవాడు చెప్తాడు, మనం నమ్మాలి. ఒంగోలు నగల షాపు ప్రకటన మాత్రం లోకల్‌గా వేస్తారు, అందులో తేడా రాదు.

కామెంట్లలోకి వచ్చి "ఈ కాలంలో ఎఫ్ఎం ఎవరు వింటున్నారన్నా, యాప్ పెట్టుకో" అనేవాళ్ళకి ముందే దండం. వినేవాళ్ళున్నారు. కిరాణా కొట్టువాడు వింటాడు, క్యాబ్ డ్రైవర్ వింటాడు, వాచ్‌మన్ వింటాడు. వాళ్ళకి నెలనెలా సబ్‌స్క్రిప్షన్ కట్టే స్తోమత లేదని కాదు, కట్టాల్సిన ఖర్మ ఎందుకు? పైగా ఫోన్ కంపెనీలు ఎఫ్ఎం కూడా పీకేశాయి. డబ్బా ఫోన్‌లో ఉండేది, యాభై వేల ఫోన్‌లో లేదు. 2023లో కేంద్రం వాళ్ళకి చెప్పి చూసింది, ఎఫ్ఎం తీసెయ్యకండయ్యా, తుపాన్లొస్తే పనికొస్తుంది అని. ఆదేశం కాదు, సలహా. సలహా ఎవడు వింటాడు, ట్రాఫిక్ అప్‌డేట్ కూడా వినని దేశంలో?

మా తమ్ముడు ఆ ఒంగోలు వార్త నాకు పంపి, "అన్నా, మనకీ ఎఫ్ఎం వస్తోందంట" అని సంబరపడిపోయాడు. వాడితో పందెం కాశా, మొదటి రోజు మొదటి గంటలోనే ఆర్జే "హలో హైదరాబాద్" అంటుందని. ఓడిపోతే బిర్యానీ అన్నా. వాడు పందెం ఒప్పుకోలేదు.