ఎద్దుమైలారం బండికీ ఆ బల్ల మీద చోటివ్వండి

పోయిన ఉగాదికి, విదేశంలో మేముంటున్న ఊళ్లో ఒక తెలుగు సంఘం చిన్న ప్రదర్శన పెట్టింది. 'మన కళలు' అని రాసిన బల్ల మీద కొండపల్లి అంబారీ ఏనుగు, నిర్మల్ పెయింటింగ్, పెంబర్తి ఇత్తడి సామాను చక్కగా సర్దారు. నేను మూడు నెలల శనివారాలు కూర్చుని చేసిన యుద్ధ వాహనం మోడల్‌ను వాటి పక్కన పెట్టబోయాను. ఒక నిర్వాహకుడు మర్యాదగానే ఆపాడు. "అన్నా, ఇది యుద్ధం బొమ్మ కదా, పిల్లల ఆటవస్తువుల దగ్గర పెడదాం. ఇది మన సంస్కృతి బల్ల" అన్నాడు. పండగ పూట వాదన ఎందుకని తీసుకెళ్లి బెలూన్ల పక్కన పెట్టాను. సాయంత్రం దాకా మనసు మనసులో లేదు. ఆ రోజు చెప్పలేకపోయిన మాట ఇప్పుడు రాస్తున్నాను.

ఆ మోడల్ పేరు శరత్. రష్యా వాళ్ల బీఎంపీ-2 అనే పదాతిదళ యుద్ధ వాహనాన్ని మన దేశంలో తయారుచేసి పెట్టుకున్న పేరది. తయారయ్యేది సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో. కాగితాల మీద మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ అని ఉంటుంది కానీ మా వైపు అందరూ ఓడీఎఫ్ అనే అంటారు. 1980ల్లో ఫ్యాక్టరీ వచ్చింది, 1987 నుంచి బండ్లు రావడం మొదలైంది. 2021లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల బోర్డును కంపెనీలుగా విడదీసినప్పుడు ఇది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వెళ్లింది. బండి పద్నాలుగు టన్నుల పైచిలుకు బరువుంటుంది, అయినా నీళ్లలో పడవలా ఈదుతుంది. టరెట్ మీద, అంటే గుండ్రంగా తిరిగే పైభాగం మీద, 30 మిల్లీమీటర్ల ఫిరంగి, దానిపైన ట్యాంకులను కొట్టే కాంకర్స్ క్షిపణి గొట్టం ఉంటాయి. ఆ క్షిపణిని చేసేది కూడా మన దగ్గరే, భానూరులోని భారత్ డైనమిక్స్ యూనిట్‌లో. బండీ, దాని నెత్తిన క్షిపణీ రెండూ ఒకే జిల్లాలో పుట్టాయన్నమాట.

ఇదంతా మోడల్ ముక్కలు వచ్చే కిట్ డబ్బా మీద ఉండదు. నేను కొన్నది ట్రంపెటర్ కంపెనీ 1/35 బీఎంపీ-2, అంటే అసలు బండిలో ముప్పై ఐదో వంతు సైజు. అసలు బండి పొడవు 6.7 మీటర్లు, మోడల్ జానెడు కూడా ఉండదు, 19 సెంటీమీటర్లు. శరత్ కావాలంటే మన సైన్యం గుర్తులు మనమే వెతుక్కోవాలి, మనమే వేసుకోవాలి. పైకి చూసే బాణం గుర్తు, దాని పక్కన అంకెలు నేను సన్న కుంచెతో చేత్తోనే రాశాను. బాణం ఒక్కటే నాలుగుసార్లు తుడిచి వేశాను.

అన్నిటికంటే ఎక్కువ పట్టింది వెల్డింగ్ అతుకులకు. ఈ బండి ఒళ్లంతా రేకులు కలిపి వెల్డింగ్ చేసినదే. చాలా కిట్లలో ఆ అతుకు ఒక సన్నటి గీతగా మాత్రమే వస్తుంది. నిజంగా అతుకులా కనపడాలంటే ఎపాక్సీ పుట్టీ అనే గట్టిపడే ముద్దను దారమంత సన్నగా చుట్టి, జాయింటు వెంబడి పరిచి, అది గట్టిపడేలోపు కత్తి మొనతో చిన్న చిన్న వంపులు నొక్కుకుంటూ పోవాలి. అసలు బండి మీద ఒక సెంటీమీటరు వెడల్పున్న అతుకు ఈ సైజులో 0.3 మిల్లీమీటరుకు కాస్త తక్కువ. భూతద్దం పెట్టుకున్నా ఊపిరి బిగబట్టక తప్పదు.

మా మేనమామ ఓడీఎఫ్‌లో వెల్డర్‌గా చేసి రిటైరయ్యాడు. ఫ్యాక్టరీ లోపలి సంగతులు ఆయన ఇంట్లో ఎన్నడూ మాట్లాడలేదు, మేమూ అడగలేదు. కానీ అతుకు ఎట్లా కనపడాలో అడగడంలో తప్పు లేదనుకుని ఫొటో పంపాను. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"అట్ల కాదు అల్లుడా. నువ్వు గీత కొట్టినట్టు కొట్టినవ్. అతుకు ఉరుకదు, నడుస్తది. ఒకదాని మీద ఒకటి అలలు పడ్డట్టు రావాలె. చెయ్యి ఆగిన కాడ కొంచెం లావెక్కుతది."

"ఎక్కడెక్కడ ఆగుతుంది మామా?"

"మూల తిరిగేకాడ. ఎంత పనోడికైనా ఆడ చెయ్యి ఆగుతది."

వేసిందంతా గీకేసి మళ్లీ వేశాను. మూలల దగ్గర కొద్దిగా లావు ఉంచాను. చూసేవాళ్లలో వందకు తొంభై తొమ్మిది మందికి అది కంటికి ఆనదు. నాకు మాత్రం ఆ లావు దగ్గర మామ చెయ్యి కనపడుతుంది.

కొండపల్లి బొమ్మలో తెల్లపొణికి కర్ర ముక్కలను అతికి, సందులు పూడ్చేది మక్కుతో. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద అది. నేను చేసిందీ ఆ పనే, పదార్థం వేరు. ముక్క తియ్యడం, అంచు అరగదియ్యడం, అతకడం, సందు పూడ్చడం, ఆరాక నునుపు చేసి రంగెయ్యడం, వరస కూడా అదే. అంబారీ ఏనుగు కూడా రాజుగారి ఊరేగింపు వాహనమే కదా. ఊరేగింపు ఏనుగు సంస్కృతి అయినప్పుడు, ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో నడిచే బండి ఎందుకు కాదు?

యుద్ధం బొమ్మలు పిల్లలకెందుకన్న ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. కానీ తుపాకీ బొమ్మ పట్టుకుని ఢాం ఢాం అని పరుగెత్తడం వేరు, బండిని ముక్క ముక్కగా కట్టడం వేరు. మా పక్కింటి పదమూడేళ్ల అబ్బాయి ఈ బండి చేస్తున్నన్నాళ్లూ నా దగ్గర కూర్చునేవాడు. వెనక భాగంలో ఆరుగురు సైనికులు వీపుకు వీపు పెట్టి కూర్చుంటారని చెప్పాను. వాళ్ల వీపుల మధ్య ఉన్న పెట్టె ఏమిటని అడిగాడు. డీజిల్ ట్యాంకు అన్నాను. వెనక తలుపులు కూడా బోలుగా ఉంటాయి, వాటిలోనూ డీజిలే. వాడు కాసేపు చేతిలోని తలుపు ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి మంటొస్తే వీళ్లు ఎటునుంచి దిగుతారు అంకుల్?" అన్నాడు. యుద్ధం గురించి ఆ వయసు పిల్లాడు అడగవలసిన ప్రశ్న అదేనని నేను నమ్ముతాను. ఏ వీడియో గేమూ వాడి చేత ఆ ప్రశ్న అడిగించలేదు.

ఇవే బండ్లు ఐక్యరాజ్యసమితి తరఫున కాంగోకు వెళ్లాయి, తెల్లరంగు వేసుకుని, పక్కన యూఎన్ అని రాయించుకుని. అది చెప్పగానే వాడు తన బండిని తెల్లగానే వేస్తానన్నాడు. వాడికీ ఒక కిట్ డబ్బా తెప్పించాం.

రంగు దగ్గర నాకో పట్టుదల ఉంది. మోడల్ చేసేవాళ్లలో చాలామందికి తుప్పు, మసి, తూటాల దెబ్బలు ఇష్టం. వాటిని వెయ్యడంలో గొప్ప నేర్పు ఉంది, కాదనను. నా శరత్‌కు మాత్రం ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. ఫ్యాక్టరీ గేటు దాటిన కొత్త బండిగానే ఊహించుకున్నాను. ఒళ్లంతా ముదురు ఆకుపచ్చ, సందుల్లో పలచని ఆయిల్ రంగు, చక్రాల చుట్టూ తిరిగే ట్రాకు పట్టీలకు మాత్రం మా వైపు ఎర్రమన్ను రంగు పొడి కొద్దిగా. చివర్లో జులై ఉక్కపోతలో గరాజ్‌లో మ్యాట్ వార్నిష్ కొట్టడంతో గాలిలో తేమకు బండంతా తెల్లగా పొగమంచు పట్టినట్టయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తేమ తగ్గిన రోజు చూసుకుని మళ్లీ రంగేసుకుంటూ వచ్చాను. అతుకులు చెదరకుండా ఉండాలని పొర మీద పొర పలచగా వెయ్యడానికే రెండు వారాలు పట్టింది.

ఇక్కడ మన సంఘాల్లో సగం మంది ఇంజనీర్లం. ఊరి గురించి పిల్లలకు చెప్పాల్సి వస్తే గుడి, గోపురం, పండగ, పిండివంట చెబుతాం. మంచిదే, చెప్పాలి. షిఫ్టు సైరన్‌కు లేచి, టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కి ముప్పై ఏళ్లు పనిచేసిన మామల గురించి, నాన్నల గురించి ఎందుకు చెప్పం? బాలానగర్, రామచంద్రాపురం, విశాఖ ఉక్కు, ఎద్దుమైలారం పేర్లు మన పిల్లల నోట ఎందుకు రావు? మనల్ని చదివించి విమానం ఎక్కించింది చాలా ఇళ్లలో ఆ జీతమే.

అందుకని ఈ ఏడాది కార్యవర్గాన్ని అడుగుతున్నాను. వేసవి శిబిరంలో డాన్స్, పాట, తెలుగు బడితో పాటు నాలుగు శనివారాలు ఒక మోడలింగ్ బల్ల పెట్టండి. ముక్కలు కత్తిరించే నిప్పర్లు, ఆకురాళ్లు, జిగురు నేను తెస్తాను, కూర్చుని నేర్పిస్తాను. కిటికీలు తెరిచి ఉన్న గది ఒకటి చూపించండి, జిగురు వాసన పిల్లలకు మంచిది కాదు.

వచ్చే ఉగాదికి బండి మళ్లీ తెస్తాను. పక్కింటి అబ్బాయి తెల్ల బండి కూడా వస్తుంది. ఏనుగు ముందు 'కొండపల్లి, ఎన్టీఆర్ జిల్లా' అని ఎట్లా కార్డు పెట్టారో, వీటి ముందు 'ఎద్దుమైలారం, సంగారెడ్డి జిల్లా' అని అదే సైజు కార్డు పెట్టండి. దాని ఫొటో మామకు పంపాలి.