మా మావయ్య కాలు అలాగే ఉంది, పింఛన్ పేరు మాత్రం మార్చేశారు

నాలుగు రోజుల నుంచి రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నా, ఇవాళ ఆగలేక రాసేస్తున్నా. పెద్ద పోస్టే, ఓపికుంటే చదవండి, మీ ఇళ్లల్లో కూడా పింఛన్ మారుస్తున్నామని ఇలాంటి నోటీసు వచ్చుంటే తప్పకుండా చదవండి.

మా మావయ్యకి, అంటే మా అమ్మ తమ్ముడికి, పోలియో. 1964లో పుట్టాడు, ఏడాది నిండకుండానే జ్వరం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. అప్పట్లో మా ఒంగోలు వైపు పల్లెల్లో చుక్కల మందు అనే మాటే ఎవరూ వినలేదు, మా అమ్మమ్మ చేసిందల్లా నూనె రాసి మర్దనా చెయ్యడం, దేవుడికి మొక్కుకోవడం. ఆ కాలు తొడ నుంచి కింద దాకా సన్నగా కర్రలా ఉంటుంది, కుడి కాలి కన్నా పొట్టి. అడుగు వేసిన ప్రతిసారీ ఎడమ చెయ్యి మోకాలి మీద అదిమిపెట్టి నడుస్తాడు, చెయ్యి తీస్తే మోకాలు మడత పడి కింద పడిపోతాడు. కుడి కాలొక్కదానితోనే కుట్టు మిషన్ తొక్కి ఇద్దరు ఆడపిల్లల్ని చదివించి పెళ్లిళ్లు చేశాడు. ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు.

2010లో సదరం క్యాంపు, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి రాసిచ్చే క్యాంపు, పెట్టినప్పుడు 58 శాతం అని, శాశ్వతం అని సర్టిఫికెట్ ఇచ్చారు. 2014లో పింఛన్లు పెంచినప్పుడు 40 నుంచి 79 శాతం వాళ్లకి 1000, 80 దాటినవాళ్లకి 1500 ఉండేది కదా, మావయ్యకి 1000 వచ్చేది. తర్వాత 3000 అయ్యింది. 2024 జులైలో 6000 చేశారు, ఆ ఒకటో తారీఖు పొద్దున్నే గ్రామ సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి డబ్బులు చేతిలో పెడితే మావయ్య నాకు ఫోన్ చేసి "అమ్మాయ్, ఈసారి కొత్త కాలిపర్ చేయించుకుంటా" అన్నాడు, కాలిపర్ అంటే కాలు మడత పడకుండా కట్టుకునే పట్టీల చట్రం. పెంచినందుకు నిజంగా సంతోషపడ్డాం, ఆ మాట ఇప్పటికీ అంటాను.

2025లో మళ్లీ పరీక్షలన్నారు, హాస్పిటల్‌కి రమ్మన్నారు, నేనే సెలవు పెట్టి ఆటోలో తీసుకెళ్లా. పొద్దున ఎనిమిదింటికి వెళ్తే మధ్యాహ్నం రెండున్నరకి పిలిచారు, అప్పటిదాకా కూర్చోడానికి కుర్చీ దొరకలేదు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లోపల టైల్స్ నేల మీద ఆ గోడ నుంచి ఈ గోడకి నడవమన్నారు, నడిచాడు. పాత సర్టిఫికెట్ చూశారు, ఏదో రాసుకున్నారు, అయిపోయింది, మొత్తం కలిపి ఐదు నిమిషాలు కూడా ఉండదు. ఆగస్టులో నోటీసు వచ్చింది. వైకల్యం 36 శాతమంట, 40 లేదు కాబట్టి దివ్యాంగుల పింఛన్‌కి అర్హత లేదంట, వయసు 60 దాటింది కాబట్టి వృద్ధాప్య పింఛన్‌లోకి మార్చారంట. 6000 పోయి 4000.

నోటీసు ఇచ్చిన కుర్రాడు మంచివాడే, మావయ్యని చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడు, తల దించుకుని "తీసెయ్యలేదు కదా మావా, మార్చారంతే" అన్నాడు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, పైనుంచి వచ్చింది తెచ్చి ఇచ్చాడు. కానీ ఆ "మార్చారంతే" అనే మాట దగ్గరే నేను ఆగిపోయాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఎందుకంటే ఊళ్లో అందరూ అదే అంటున్నారు, పోనీలే ఏదో ఒకటి వస్తోందిగా అని.

2024 జనవరి నుంచి జూన్ దాకా వృద్ధాప్య పింఛనూ 3000, దివ్యాంగుల పింఛనూ 3000, ఇందులోంచి అందులోకి మార్చినా జేబులో తేడా ఉండేది కాదు, అందుకే ఎవరూ పట్టించుకోలేదు. కానీ జులైలో ఒకటి 4000 ఇంకొకటి 6000 చేసినప్పుడే ప్రభుత్వం ఒక మాట ఒప్పుకున్నట్టు కదా, ముసలితనం ఖర్చు వేరు, వైకల్యం ఖర్చు వేరు అని, వైకల్యం ఉన్న మనిషికి బతకడానికే ఎక్కువ అవుతుందని. అది ఒప్పుకున్నాక, 61 ఏళ్లు వచ్చి ఇప్పుడు ముసలితనమూ వైకల్యమూ రెండూ ఉన్న మనిషిని తక్కువ డబ్బులొచ్చే దాంట్లో పెట్టడం ఏ లెక్క? 60 నిండితే కాలు బాగవుతుందా?

2000 అంటే ఏముందిలే అనేవాళ్లకి చెప్తున్నా. మా ఊళ్లో బస్టాపు ఇంటికి కిలోమీటరు, అందరూ నడుస్తారు, మావయ్య ఆటో మాట్లాడుకోవాలి. కాలిపర్ బెల్టులు తెగిపోతాయి, బూటు ఒక పక్కే అరిగిపోతుంది, చంక కర్ర కింద రబ్బరు కొన్ని నెలలకోసారి మార్చాలి, మార్చకపోతే తడి నేల మీద జారి పడతాడు, ఒకసారి పడ్డాడు కూడా, మణికట్టు విరిగి నెలన్నర మిషన్ ముట్టుకోలేదు. అరవై ఏళ్లుగా ఒళ్లంతా మోసిన కుడి మోకాలు ఇప్పుడు అరిగిపోయింది, దానికి మాత్రలు. ఇవేవీ మామూలు ముసలాయనకి ఉండే ఖర్చులు కాదు.

ఇంకో సంగతి, పోలియో వచ్చినవాళ్లలో కొంతమందికి పది పదిహేనేళ్ల నుంచి నలభై ఏళ్ల తర్వాత కండరాలు మళ్లీ బలహీనపడటం ఉంటుంది, పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు, డాక్టర్లందరికీ తెలిసిందే. మావయ్య మూడేళ్ల నుంచి సాయంత్రం అయ్యేసరికి కాలు ఈడ్చలేకపోతున్నాడు. అంటే వయసుతో పాటు పెరగాల్సిన శాతం 58 నుంచి 36కి దిగింది. ఎలా దిగిందో ఎవరైనా చెప్తారేమో అని అడిగాను. ఎవరూ చెప్పలేదు. నోటీసులో అంకె ఒక్కటే ఉంది.

అందుకే నేనే కూర్చుని వైకల్యం శాతం ఎలా లెక్కెయ్యాలో కేంద్రం గెజిట్‌లో పెట్టిన గైడ్‌లైన్స్ చదివాను. కాలి వైకల్యం లెక్కేసేటప్పుడు కండరాల బలం ఒక్కో కీలు దగ్గర చూడాలి, కాలు పొట్టిగా ఉంటే కొలవాలి, మొదటి అరంగుళం వదిలేసి ఆ పైన ప్రతి అరంగుళానికి 4 శాతం కలపాలి. ఇది కాక స్థిరత్వం అని ఇంకో భాగం ఉంది, అందులో చదును నేల మీద నడక, వాలు మీద నడక, మెట్లెక్కడం, దెబ్బతిన్న కాలి మీద ఒంటికాలిపై నిలబడటం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, మోకాళ్ల మీద కూర్చోవడం, పక్కకి తిరగడం, ఇలా ఒక్కోదానికి చూసి వెయ్యాలి. మావయ్య చేత చేయించింది ఒక్కటే, టైల్స్ మీద నడక. టేపు బయటికి తియ్యలేదు. గొంతుక్కూర్చోమని అడిగుంటే అక్కడికక్కడే తెలిసేది, మనిషి జీవితంలో ఒక్కసారి కూడా గొంతుక్కూర్చోలేదు, మధ్యలో కన్నం చేసిన కుర్చీ మీదే ఆయన బాత్రూం. డాక్టర్ల మీద కూడా నింద వెయ్యను, ఆ రోజు ఆ గది బయట ఎంతమంది ఉన్నారో నేను చూశాను, ఒక మనిషికి అరగంట ఇచ్చే పరిస్థితి లేదు. కానీ అరగంట ఇవ్వలేనప్పుడు శాశ్వతం అని రాసిన కాగితాన్ని ఐదు నిమిషాల్లో కొట్టెయ్యకూడదు కదా.

దొంగ సర్టిఫికెట్లు లేవా అంటారు. ఉన్నాయి. మా పక్క ఊళ్లో వినపడదని సర్టిఫికెట్ తెచ్చుకుని రోజంతా ఫోన్ మాట్లాడేవాడు నాకూ తెలుసు, అలాంటివాళ్లవి తీసెయ్యండి, చప్పట్లు కొడతాను, ఎందుకంటే వాళ్లు దొంగిలించింది మావయ్య లాంటివాళ్ల పరువు. కానీ పోలియో కాలు, తీసేసిన చెయ్యి, పుట్టుకతో లేని చూపు, ఇవి మళ్లీ మొలిచేవి కావు, వీటిని మళ్లీ మళ్లీ లైన్లో నిలబెట్టడం ఎందుకు?

ఇది 6000 నుంచి 4000 అయినవాళ్ల బాధ మాత్రమే కూడా కాదు. మా వీధిలోనే పక్షవాతంతో మంచాన పడ్డ ఒకాయనకి 15000 వచ్చేది, ఆ డబ్బుతోనే ఇంటికి ఫిజియోథెరపీ అబ్బాయిని పిలిపించుకున్నారు, ఏడాదికి వాకర్ పట్టుకుని గుమ్మం దాకా పది అడుగులు వేశాడు. పరీక్షకి వచ్చినప్పుడు ఆ పది అడుగులు చూశారు, 6000లోకి మార్చారు. ఇప్పుడు ఫిజియోథెరపీ ఆగిపోయింది. ఆ ఇంటి ఆడమనిషి మా అమ్మ దగ్గర కూర్చుని "నడవకుండా ఉంటేనే బాగుండేదేమో వదినా" అందంట, అమ్మ నాకు చెప్తుంటే ఇద్దరం ఏడ్చాం. మెట్టు మెట్టుగా తగ్గించినా అర్థం చేసుకుంటాం, ఒక్కసారి 9000 కోసేస్తే ఆ ఇల్లు ఏమవ్వాలి.

కేంద్రం ఇచ్చే దివ్యాంగుల పింఛన్ చూడండి, అది 80 శాతం దాటినవాళ్లకే, అదీ 300, సిగ్గుపడాల్సినంత తక్కువ, కానీ అందులో కూడా మనిషికి 80 ఏళ్లు నిండి వృద్ధాప్య పింఛన్‌లోకి మారితే 500 అవుతుంది, పెరుగుతుంది. వయసు మీద పడ్డాక మారితే పెరగాలి అనే చిన్న ఇంగితం అక్కడ కూడా ఉంది. మనకెందుకు ఉండకూడదు? రెండిటికీ అర్హత ఉంటే ఏది ఎక్కువైతే అది ఇవ్వండి. 40 దాటని వాడికి వృద్ధాప్య పింఛన్ మీద ఎంతో కొంత కలపండి. 39 శాతం వాడికీ 41 శాతం వాడికీ మధ్య 2000 అగాధం ఉంటుందా, ఇద్దరూ అదే కర్రతో నడుస్తారు.

పింఛన్ ఒక్కటే కాదు పోయేది, ఆ 40 అనే గీత మీదే అన్నీ ఉన్నాయి, ఆర్టీసీ బస్సు రాయితీ, ట్రైసైకిల్, లోన్లు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు చేర్చారని గొప్పగా చెప్పుకుంటాం, గీత కింద పడ్డవాడికి ఆ చట్టం ఏం మిగిలిస్తుంది.

ఎంపీడీవో ఆఫీసులో అప్పీల్ ఇచ్చాం. మీకు నోటీసు వస్తే మీరూ ఇవ్వండి, వదిలెయ్యకండి, అందినట్టు సంతకం, తారీఖు వేయించుకోండి, పాత సదరం సర్టిఫికెట్ ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు, జిరాక్స్ ఇవ్వండి. అప్పీల్ ఇచ్చాక మాకు ఆ నెల 6000 వచ్చింది, అది తీసుకుని మావయ్య కాలిపర్ చేయించుకోలేదు, దాచిపెట్టాడు. వెనక్కి అడుగుతారేమో అని భయం.

మళ్లీ పరీక్షకి స్లాట్ వచ్చింది, వచ్చే గురువారం, ఈసారి వేరే హాస్పిటల్. లీవ్ పెట్టాను. గైడ్‌లైన్స్ కాగితాలు ప్రింట్ తీసి మెట్లు, వాలు, గొంతుక్కూర్చోవడం అన్న చోట గీతలు గీసి ఫైల్లో పెట్టాను, కొలవడానికి మావయ్య షాపులో టేపే జేబులో వేసుకెళ్తున్నా.